రాహేల్ మోకరించలేదు

కోతలు మొదలైన వారంలో ఒక సాయంత్రం ప్రార్థనకి, పొలాలూ ఆస్తులూ అన్నీ ఉమ్మడిగా పెట్టుకుని బతికే ఆ క్రైస్తవ కాలనీ అంతా మోకరించింది. ఒక్క మనిషి మోకరించలేదు. ఆ మనిషి ఇంకెవరైనా అయితే సంగతి ఇంత దూరం వచ్చేది కాదేమో. ఆమె బోధకుడు ఆండ్రియాస్ వాల్డ్నర్ పెద్దకూతురు రాహేల్.

బోధకుడి బల్ల సంఘానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆండ్రియాస్‌కి అన్నీ కనిపిస్తాయి. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, వయసు వరసన కూర్చుంటారు. ప్రార్థన అనగానే అందరూ బల్లల మీంచి దిగి, నేల మీద మోకాళ్ళూని, నడుం నిటారుగా పెట్టి చేతులు జోడిస్తారు. ఆ సాయంత్రం నల్ల చుక్కల తలగుడ్డలన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి. ఆడవాళ్ళ నాలుగో వరసలో ఒక్క తలగుడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. రాహేల్ తల వంచుకునే ఉంది, చేతులు జోడించుకునే ఉంది. కానీ బల్ల మీదే ఉంది.

మొదటి రోజు నడుం పట్టేసిందేమో అనుకున్నాడు ఆండ్రియాస్. పగలంతా తోటలో దోసకాయలు కోశారు మరి. రెండో రోజూ అంతే. మూడో రోజుకి ఆడవాళ్ళ వరసల్లో మోచేతులు పొడుచుకోవడం మొదలైంది. నాలుగో రోజు ఆ మాట వంటింట్లోంచి వర్క్‌షాపుకీ, అక్కణ్ణుంచి పందుల షెడ్డుకీ పాకింది. వంద మంది ఒకే గంటకి లేచి, ఒకే గంటకి తిని, ఒకే గంటకి ప్రార్థన చేసుకునే చోట, ఒకరు మానేసిన పని అందరి నోళ్ళలోనూ నానుతుంది.

ఐదో రోజు లోరెంజ్ వచ్చాడు. కాలనీ కొనుగోళ్ళూ అమ్మకాలూ అన్నీ చూసే పెత్తనం ఆయనది. వంటింటి పెత్తనం ఆయన భార్యది. వరసకి ఆండ్రియాస్‌కి తమ్ముడు. లోపలికి రాకుండా బోధకుడి ఇంటి మెట్ల మీదే చతికిలబడి, జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి కొరకడం మొదలుపెట్టాడు.

"ఆండ్రియాస్ అన్నా, మీ పెద్దమ్మాయికి నేల గుచ్చుకుంటోందా?"

"నడుం నొప్పేమో లోరెంజూ."

"నడుం నొప్పయితే ఇవాళ మా ఆవిడతో కలిసి రెండొందల సీసాల దోసకాయ ఊరగాయ ఎట్లా పెట్టింది?"

"కూర్చుని పెట్టుంటుంది."

"అదే నేననేది. కూర్చోడానికి వచ్చే నడుం మోకరించడానికి రాదా?" లోరెంజ్ పొట్టు ఊశాడు. "నిరుడు చలికాలం మావాడు వెల్డింగు షెడ్డులో టీవీ దాచాడని తలుపు దగ్గర కూర్చోబెట్టావు. పద్నాలుగు రోజులు. నేను కిక్కురుమన్నానా? మంచి పని చేశావన్నా. ఇప్పుడు మీ ఇంటి వంతు వచ్చిందంతే. అడిగి చూడు. నీకు నేను చెప్పేదేముంది."

చెప్పేదేమీ లేదంటూనే చెప్పాల్సిందంతా చెప్పేసి లేచి వెళ్ళిపోయాడు. ఆండ్రియాస్ చాలాసేపు ఆ మెట్ల మీద పొట్టు చూస్తూ నిలబడ్డాడు. లోరెంజ్ మాటలో కారం ఉన్నా అబద్ధం లేదు. ఊళ్ళో పిల్లలకి ఒక నియమం, బోధకుడి పిల్లలకి ఇంకో నియమం అంటే ఆ బల్ల మీద కూర్చోడానికి ఆయనకి మొహం చెల్లదు.

ఆండ్రియాస్ భార్య సుసన్నా పోయి ఆరేళ్ళయింది. ఇద్దరే కూతుళ్ళు. రాహేల్‌కి ఇరవై ఏడు, యూడిట్‌కి ఇరవై ఒకటి. రాహేల్‌ని పెళ్ళికి అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. యూడిట్‌కి మాత్రం మాట కలిసింది. రెండేళ్ళ కింద దేశ సరిహద్దుకి అవతల, డకోటాలోని ఇంకో కాలనీ నుంచి కోళ్ళ షెడ్డు కట్టడానికి వచ్చిన కుర్రాళ్ళలో దారియుస్ అనేవాడు నెలరోజులున్నాడు. షెడ్డు కట్టడం అయిపోయింది, ఉత్తరాలు మిగిలాయి. కోతలు కాగానే వాళ్ళ పెద్దలు అడగడానికి వస్తారు, పదిహేను రోజుల్లో పెళ్ళయిపోతుంది.

చిన్నదానికి ముందు కుదిరితే పెద్దదానికి కడుపులో మండదా అని ఆండ్రియాస్ లెక్క. ఆ లెక్కకి సరిపోయే గుర్తులు కూడా రెండేళ్ళుగా పోగవుతున్నాయి. భోజనాల గంట కొట్టాక అందరికంటే వెనక వచ్చేది రాహేల్. ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యేసుకుని మధ్యలో ఆగేది రాహేల్. పని చెప్తే ముందు స్టూలు వెతుక్కునేది రాహేల్. అలక అనుకున్నాడు. ఒకటి రెండుసార్లు అందరి ముందూ "బద్ధకం బాగా అబ్బింది నీకు" అన్నాడు కూడా. ఆమె ఎదురు చెప్పలేదు. ఆయనకి అంతకంటే రుజువు ఇంకేం కావాలి.

ఆ సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తున్న కూతురి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఎందుకు మోకరించట్లేదు?"

"మోకరించాలనిపించలేదు నాన్నా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"యూడిట్ మీద కోపమా?"

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆగింది. "అట్లాగే అనుకో," అంది రాహేల్.

"అనుకోవడమేంటి? అవునా కాదా?"

"మొండితనం నాన్నా. తప్పే. సంఘం ఏం చెయ్యమంటే అది చేస్తాను."

పక్కగదిలోంచి యూడిట్ ఒక్క అడుగు బయటికి వేసింది. అక్క ఆమె వైపు చూసింది. యూడిట్ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆండ్రియాస్ ఇదంతా చూశాడు. చూసి, చెల్లెలు అక్కకి భయపడుతోందని అనుకున్నాడు.

బాప్తిస్మం తీసుకున్న మగవాళ్ళందరూ కూర్చుని తేల్చారు. తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు, ఆమే ఒప్పుకుంది కదా. పద్నాలుగు రోజులు శిక్ష. చదివింది తండ్రే. ప్రార్థన హాల్లో తలుపు పక్కన విడిగా వేసిన బల్ల మీద కూర్చోవాలి. భోజనాల హాల్లో గిన్నెలు కడిగే చోట చిన్న బల్ల దగ్గర ఒంటరిగా తినాలి. ఆమెకి ఎవరూ చెయ్యి ఇవ్వకూడదు, ఆమె ఎవరికీ చెయ్యి ఇవ్వకూడదు, అవసరానికి మించి ఒక్క మాట ఆడకూడదు.

శిక్షలో ఉన్నవాళ్ళు సంఘంతో కలిసి మోకరించరు. అందరూ మోకరించినప్పుడు తలుపు పక్కన కూర్చునే ఉంటారు, తాము బయటివాళ్ళమని తెలియడానికి. ఆ పద్నాలుగు రోజులూ రాహేల్ మొహంలో ఏదో నెమ్మది కనిపించేది. ఎదురుగా కూర్చున్న ఆండ్రియాస్‌కి అది కనిపించి ఒళ్ళు మండేది. సిగ్గుపడాల్సిన చోట దీనికి హాయిగా ఉందా అనుకునేవాడు.

పద్నాలుగు రోజులూ అయ్యాక ఆదివారం నాడు ఆమెని ముందుకి పిలిచాడు. నడవాలో మెల్లగా నడిచి వచ్చింది. మొదటి బల్ల అంచు పట్టుకుని ఒక్కో మోకాలే దించింది. ఆండ్రియాస్ పుస్తకంలో ఉన్న ప్రశ్నలు అడిగాడు, ఆమె పుస్తకంలో ఉన్న జవాబులు చెప్పింది. ఆమె తప్పు క్షమించబడిందనీ, ఇంక దాన్ని ఎవరూ ఎన్నడూ ఎత్తకూడదనీ సంఘానికి చదివి వినిపించాడు. అదైన తర్వాత బోధకుడు కుడిచెయ్యి ఇచ్చి, మోకరించిన మనిషిని లేపి, నీకు శాంతి కలుగుగాక అనాలి.

చెయ్యి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. కానీ లేవలేదు.

ఆండ్రియాస్ ముప్ఫై ఏళ్ళ బోధకత్వంలో చాలామందిని అలా లేపాడు. చెయ్యి తగలగానే వాళ్ళే లేస్తారు, లేపడమన్నది పేరుకే. ఈసారి తడిసిన గోధుమ బస్తాకి చెయ్యి తగిలించినట్టుంది. ఆమె తొడ వణకడం గౌను మీంచి కనిపిస్తోంది.

"లాగు నాన్నా," పెదాలు కదలకుండా అంది. "గట్టిగా లాగు. ఎవరికీ తెలియనియ్యకు."

ఆయన రెండో చెయ్యి ఆమె మోచేతి కింద వేసి, గుండెలకి ఆనించుకుని లేపాడు. చూసేవాళ్ళకి తండ్రి కూతుర్ని దగ్గరికి తీసుకున్నట్టే ఉంది. ఆడవాళ్ళలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికి వచ్చి ఆండ్రియాస్ తలుపు వేశాడు. రాహేల్ కుర్చీలో కూర్చుని తలగుడ్డ ముడి విప్పుకుంటోంది. యూడిట్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది నాన్నా. ముందు మెట్లు. తర్వాత నేల మీంచి లేవడం. పడుకోబోయే ముందు మోకరిస్తే యూడిట్ లేపుతుంది."

"మరి హాల్లో ఇన్నాళ్ళూ ఎట్లా లేచావు?"

"గోడ ఉండేది కదా. వరస చివర నా చోటు. గోడ పట్టుకుని లేచేదాన్ని. సరిగ్గా కోతల ముందు అన్నా పిన్ని పోయింది, అందరం ఒక్కో చోటు జరిగాం. గోడ పోయింది."

వయసు వరసలో ఎవరైనా పోతే వెనకవాళ్ళంతా ఒక చోటు ముందుకి జరుగుతారు. ఆ జరగమని చెప్పింది కూడా ఆయనే.

"నాకెందుకు చెప్పలేదు? అడిగాను కదా, ఒంట్లో బాగాలేదా అని."

"కోతలయ్యాక దారియుస్ వాళ్ళు వస్తారు. అక్కకి కాళ్ళు చచ్చుబడుతున్నాయని తెలిస్తే చెల్లెల్ని అడుగుతారా? పాపమైతే పద్నాలుగు రోజులు. తర్వాత ఎవరూ ఎత్తకూడదు, నువ్వే చదువుతావు. రోగానికి అట్లా ఏం లేదు కదా నాన్నా. దాన్ని ఎవరు క్షమిస్తారు?"

"వద్దని చెప్పాను నాన్నా," అంది యూడిట్ ఏడుపు మధ్యలో. "వింటేగా. నీకు చెప్తే నాతో మాట్లాడనంది."

ఆండ్రియాస్‌కి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ళ కింద సిటీ నుంచి డాక్టర్లు వచ్చి భోజనాల హాల్లో బల్లలు వేసుకుని కూర్చున్నారు. మన కాలనీల్లో కండలు మెల్లగా క్షీణించే జబ్బు ఒకటి ఉందనీ, ఎవరెవరి రక్తంలో ఉందో చూసి చెప్తామనీ అన్నారు. ఇష్టమున్నవాళ్ళు ఇవ్వొచ్చని ఆండ్రియాసే ప్రకటించాడు. ప్రకటించి, తన ఇంటి వంతు వచ్చేసరికి, "మన రక్తంలో ఏముందో దేవుడికి తెలుసు, మనకి అక్కర్లేదు" అని పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి వచ్చేశాడు. ఆ మాట చాలా గొప్పగా ఉందని అప్పట్లో నలుగురూ అన్నారు.

కళ్ళజోడుకని చెప్పి కూతుర్ని వ్యానులో సిటీకి తీసుకెళ్ళాడు. మూడు వారాల తర్వాత ఫలితం కోసం మళ్ళీ వెళ్ళారు. డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికున్న మనిషి.

"కండలో పాతబడి చెడిపోయిన సరుకు రోజూ తీసి పారేస్తూ ఉండాలండి. ఏది పారెయ్యాలో చూసి దాని మీద గుర్తు వేసే పనివాడు ఒకడుంటాడు లోపల. వాణ్ణి తయారు చేసే జన్యువు పేరు ట్రిమ్ ముప్ఫై రెండు. మీ అమ్మాయికి ఆ జన్యువులో ఒక్క అక్షరం తప్పుంది. పనివాడు ఉన్నాడు, కానీ పని సరిగ్గా చెయ్యలేడు. అందుకని కండ నెమ్మదిగా బలం పోగొట్టుకుంటుంది."

"ప్రాణానికి?" అన్నాడు ఆండ్రియాస్.

"ప్రాణానికి భయం లేదు. ఇదే జన్యువులో ఇంకోచోట తప్పుంటే చూపు పోవడం, ఇంకా చాలా ఉంటాయి. అది వేరే జబ్బు, ఈమెది అది కాదు. ఈమె చాలా ఏళ్ళు నడుస్తుంది. వయసు మళ్ళాక చక్రాల కుర్చీ అవసరం కావచ్చు, కాకపోవచ్చు. నేల మీద కూర్చోవడం, మోకరించడం లాంటివి మాత్రం మానిపించండి."

రాహేల్ తండ్రి వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

"ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా ఇది?"

"రెండు వైపుల నుంచీ రావాలండి, వాళ్ళమ్మగారి నుంచి ఒకటి, మీ నుంచి ఒకటి. మీ ఇద్దరికీ ఏమీ తెలియదు, ఎందుకంటే ఒక్కటే ఉంటే ఏమీ కాదు. మీ పూర్వీకుల్లో ఎప్పుడో ఒకరి దగ్గర మొదలై ఉంటుంది. మీవాళ్ళు మీలో మీరే చేసుకుంటారు కదా, అందుకని అందరికీ పంచుకుంటూ వచ్చింది."

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆండ్రియాస్ అన్నాడు: "దారియుస్ వాళ్ళకి చెప్పాలి."

"వద్దు నాన్నా. పెళ్ళి కానియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"దాచి పిల్లనిస్తే బోధకుణ్ణెట్లా అవుతాను?"

"బోధకుడివి కాబట్టే నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టావు. పడ్డాను. అదైనా పనికి రానియ్యి."

ఆయన దారి మీంచి చూపు తిప్పకుండా వ్యాను నడిపాడు.

రెండు రోజుల తర్వాత ఒక్కడే బయల్దేరి సరిహద్దు దాటి ఐదు గంటలు నడిపాడు. ఆ కాలనీకి ఆయన పెళ్ళికి ముందు ఎప్పుడో ఒక్కసారి వెళ్ళాడు. దారియుస్ తండ్రి యోనాస్ బాతుల షెడ్డులో ఉన్నాడు, ఒళ్ళంతా ఈకలు. ఆండ్రియాస్ కాఫీ కూడా ముట్టకుండా నిలబడే అంతా చెప్పాడు. జబ్బు సంగతి, జన్యువు సంగతి. శిక్ష సంగతి మాత్రం ఎత్తలేదు, ఎత్తకూడదు కాబట్టి.

యోనాస్ విని గడ్డంలోంచి ఈక తీసి పారేశాడు.

"ఇది చెప్పడానికా ఇంత దూరం వచ్చావు? నేనింకా పిల్ల వద్దందేమో అని హడలి చచ్చాను." ఇంటి వైపు తిరిగి కేకేశాడు. "కాటరీనా, ఒకసారి ఇట్రా."

ఒక పెద్దావిడ గుమ్మంలోంచి వచ్చింది. గుమ్మానికి మెట్లు లేవు, వాలుగా సిమెంటు చేసి పక్కన కమ్మీ పెట్టారు. కమ్మీ పట్టుకుని, అటూ ఇటూ ఒరుగుతూ దిగింది.

"మా ఆవిడకి ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది. మా కాలనీలో నలుగురు. మెట్లన్నీ తీసేశాం. దారియుస్ కూడా రక్తం చూపించుకున్నాడు, వాడికి ఒక్కటే ఉందిట. యూడిట్‌ని కూడా చూపించుకోమను, పిల్లల సంగతి వాళ్ళిద్దరూ ఆలోచించుకుంటారు. దీనికి పెళ్ళి ఆపుకుంటూ పోతే మనలో ఒక్కడికైనా పెళ్ళవుతుందా అన్నా?"

"మీవాడు ఎప్పుడూ చెప్పలేదు..."

"చెప్పేదేముంది? వాళ్ళమ్మ నడక అంతే, వాడికి పుట్టినప్పట్నుంచీ అలవాటు."

కాటరీనా దగ్గరికి వచ్చి ఆండ్రియాస్ చెయ్యి పట్టుకుంది. "పాపం ఇరవై ఏడేళ్ళకేనా? ప్రార్థనకి ఎక్కడ కూర్చోబెడుతున్నారు అన్నయ్యా దాన్ని? మేం బల్ల మీదే కూర్చుంటాం, మమ్మల్ని ఎవరూ మోకరించమనరు. వెనకాల ఆనుకోడానికి ఉండేట్టు చూడండి."

ఆండ్రియాస్ నిజం చెప్పాలంటే "తలుపు దగ్గర" అనాలి. ఆయన ఆ చెయ్యి విడిపించుకుని బాతుల వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రాహేల్ వంటింట్లో స్టూలు మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. అక్కడ ఇంకెవరూ లేరు.

"పెళ్ళి ఆగదమ్మా. వాళ్ళావిడకే ఉంది ఈ జబ్బు. వాళ్ళు నవ్వారు."

"నవ్వారా?"

"దీనికోసం వచ్చావా అని."

రాహేల్ ఇంకో దుంప తీసుకుంది. సగం చెక్కి ఆగింది. "అయితే నేను ముందే చెప్పేసి ఉంటే ఏమీ అయ్యేది కాదా?"

"కాదు."

"ఆ పద్నాలుగు రోజులూ దేనికీ కాదన్నమాట." కత్తి కింద పెట్టింది. "నాన్నా, నేను జడలేసే చిన్నపిల్లలున్నారు కదా, వాళ్ళు నన్ను చూసి గోడ పక్కకి తప్పుకునేవాళ్ళు. నాకు అలవాటైపోతుందిలే అనుకున్నాను. పదకొండో రోజు చిన్న మిరియం నన్ను చూసి ఏడ్చింది. దాని జడ ఊడిపోయి ఉంది. నేను వెయ్యకూడదు కదా."

"సంఘంలో చెప్తానమ్మా. నువ్వు తప్పు చెయ్యలేదని చెప్తాను."

"ఎట్లా చెప్తావు? క్షమించేశారుగా. క్షమించినదాన్ని తవ్వితే అది ఇంకా పెద్ద తప్పు. జబ్బు సంగతి చెప్పు, చాలు."

అలాగే చెప్పాడు. రాహేల్‌కి కండల జబ్బు ఉందనీ, ఇకమీదట మోకరించదనీ, వరస చివర గోడ పక్కన కూర్చుంటుందనీ ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాడు. ఎవరికి అర్థం కావాల్సింది వాళ్ళకి అర్థమైంది.

మర్నాటి నుంచి బోధకుడి ఇంటికి జనం రావడం మొదలుపెట్టారు. ఒకావిడ ఈకల దిండు కుట్టి తెచ్చింది. లోరెంజ్ భార్య గసగసాల రొట్టె తెచ్చింది. లోరెంజ్ కొడుకు, టీవీ దాచినవాడు, ఎవరూ చెప్పకుండానే మెట్ల పక్కన ఇనుపకమ్మీ వెల్డింగు చేసి పోయాడు. అందరూ వచ్చారు, ఇచ్చారు, వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళారు. తప్పయిపోయిందని ఒక్కరూ అనలేదు. అనడానికి లేదు. ఆ మాట అనాలంటే శిక్ష సంగతి ఎత్తాలి. ఇంత మంచివాళ్ళు ఇంత మంచి నియమం ఒకటి పెట్టుకుని, దాని వెనకాల నోరు కుట్టేసుకుని తిరిగారు.

"నన్ను క్షమించేటప్పుడు అందరికీ నోళ్ళున్నాయి," అంది రాహేల్, రొట్టె కోస్తూ. "ఇప్పుడెక్కడ పెట్టుకున్నారో."

అక్టోబరు చివర యూడిట్ పెళ్ళయింది. రక్తం చూపించుకుంది, ఆమెకి ఆ తప్పు ఒక్కటి కూడా రాలేదు. డకోటా వెళ్ళిపోయే రోజున వ్యాను ఎక్కి మళ్ళీ దిగి వచ్చి అక్కని పట్టుకుని, "రాత్రిపూట నిన్నెవరు లేపుతారే" అని ఏడ్చింది. "పడుకుని ప్రార్థన చేసుకుంటాలే, వెళ్ళు" అంది రాహేల్.

చెల్లెలు వెళ్ళాక రాహేల్ మాట తగ్గించేసింది. ఎవరితోనూ కోపంగా లేదు. పిల్లలకి జడలు వేస్తోంది, దుంపలు చెక్కుతోంది. కానీ ఎవరైనా పలకరిస్తే తల ఎత్తి చూసే చూపులో ఏదో అడుగుతున్నట్టుండేది. ఆండ్రియాస్‌కి ఆ చూపు ఏం అడుగుతోందో తెలుసు. తెలిసి రోజూ ఆమె ఎదురుగా కూర్చుని రొట్టె తినడం చేతకాలేదు.

నవంబరులో మొదటి మంచు పడిన ఆదివారం. బోధకులు సొంత మాట చెప్పరు. మూడున్నర శతాబ్దాల కిందటి ప్రసంగాలు తరతరాలుగా చేత్తో ఎత్తి రాసుకున్న పుస్తకాలున్నాయి, అవే చదువుతారు. ఆండ్రియాస్ ముప్ఫై ఏళ్ళలో ఆ బల్ల దగ్గర తన మాట ఒక్కటీ పలికి ఎరగడు. ఆ రోజు ప్రసంగం చివరిదాకా చదివాడు. చదివి, పుస్తకం మూశాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు చేతులు రెండూ దాని మీద పెట్టుకున్నాడు.

"నా కూతురు రాహేల్ తప్పు చెయ్యలేదు," అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "ఆమెకి కాళ్ళు రాక మోకరించలేదు. చెల్లెలి కోసం దాచుకుంది. నేను ఆమెకి తండ్రిని, రెండేళ్ళు కళ్ళ ముందు చూసి కూడా చూడలేదు. మీరందరూ నా మాట మీద ఆమెకి చెయ్యి ఇవ్వడం మానేశారు. క్షమించాల్సింది ఆమెని కాదు. ఆమె మనల్ని క్షమించాలి."

మగవాళ్ళ మొదటి వరసలో లోరెంజ్ లేచాడు. మొహం ఎర్రబడింది, కోపంతో కాదు. "అన్నా, అది మూసేసిన సంగతి. ఎత్తకూడదు. నువ్వే చదివావు."

"చదివాను. ఎత్తాను. దానికేం శిక్షో నీకు తెలుసు, చెప్పు."

రాహేల్ గోడ పక్కన కూర్చుని ఉంది. తలగుడ్డ కిందికి లాక్కుని మొహం కప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఇన్నాళ్ళలో ఆమె ఏడవడం ఎవరైనా చూడడం అదే మొదటిసారి.

పక్క కాలనీ నుంచి పెద్ద బోధకుడు వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడారు. ఆండ్రియాస్ చెప్పింది నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. నియమం తప్పిందని కూడా ఒప్పుకున్నారు. పద్నాలుగు రోజులు అని తేల్చారు.

మూడో రోజు మధ్యాహ్నం. ఆండ్రియాస్ గిన్నెలు కడిగే చోట చిన్న బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని నూడిల్స్ సూపు తింటున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, అందరికీ వీపు పెట్టి. రాహేల్ ఎప్పట్లాగే అందరికంటే వెనక వచ్చింది. సూపు గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆడవాళ్ళ బల్లల పక్కనుంచి నడిచి, తన చోటు దాటి, మెల్లగా వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది.

చెంచాలు ఆగిపోయాయి. "పోమ్మా, నీ చోటికి పో," అన్నాడు ఆండ్రియాస్, పైకి వినపడకుండా.

మగవాళ్ళ బల్ల మొదట్లోంచి లోరెంజ్ గొంతు వినిపించింది. "రాహేల్, అక్కడ కూర్చోకూడదమ్మా. లే."

రాహేల్ తల తిప్పి హాలంతటినీ చూసింది. రెండేళ్ళు గోడలు పట్టుకుని దాచిన మాటని గొంతు పెంచకుండా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"లేవలేను బాబాయ్. ఇంత పొట్టి బల్ల మీద కూర్చున్నాక నాకు కాళ్ళు రావు. ఎవరైనా చెయ్యి ఇచ్చి లేపాలి. నువ్వొచ్చి లేపు."

లోరెంజ్ లేచి నిలబడ్డాడు. నిలబడినవాడు ముందుకి రాలేకపోయాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి ఆయన కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు, గిన్నెలోకి చూసుకుంటూ చెంచా అందుకున్నాడు.

రాహేల్ సూపు తింది. ఆండ్రియాస్ గడ్డం కన్నీళ్ళకి తడిసిపోతోంది. "తిను నాన్నా, చల్లారిపోతోంది," అంది ఆమె.

భోజనాలయ్యాక ప్రార్థన చేసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. హాలు ఖాళీ అయ్యాక ఆండ్రియాస్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి కూతురి ముందు రెండు చేతులూ చాచాడు. ఆమె వాటి వైపు చూసింది కానీ పట్టుకోలేదు.

"నువ్వు చెయ్యి ఇవ్వకూడదు నాన్నా. తెలిస్తే ఇంకో పద్నాలుగు రోజులు వేస్తారు."

"వెయ్యనీ," అని ఆయన కూతుర్ని లేపాడు.